చల్లగా పుట్టి.. వేడికి తిరగబడే 'అజో'!

జుబైల్, యాన్బూ.. సౌదీలో కెమికల్ ప్లాంట్లు అనగానే ముందు గుర్తొచ్చే పేర్లివే. ప్లాంట్లలో, గోదాముల్లో, ట్రైలర్లపై మన తెలుగువాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. రోజూ చేతులమీదుగా డ్రమ్ములు, బస్తాలు పోతుంటాయి. లోపల ఏముందో మాత్రం చాలామందికి తెలీదు. అలాంటి సరుకుల్లో ఒకటి 'అజో' రసాయనాలు. వాటి సంగతేంటో చూద్దాం.

ఇంటర్‌లో చదివిందే..

ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్లకు 'డయజోనియం లవణం' గుర్తుండే ఉంటుంది. అనిలీన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, బీకరు చుట్టూ ఐసు పెట్టి, సోడియం నైట్రైట్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోస్తారు. ఉష్ణోగ్రత 0 నుంచి 5 డిగ్రీల మధ్యే ఉండాలి. పెరిగితే లవణం విరిగిపోయి నైట్రోజన్ బుడగలుగా బయటికొస్తుంది. చల్లగా ఉండగానే దాన్ని క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌లో కలిపితే.. క్షణాల్లో నారింజ ఎరుపు రంగు తేలుతుంది. రెండు నైట్రోజన్ పరమాణువులు జంటకట్టి, మధ్యలో వంతెనలా నిలవడమే 'అజో' బంధం. జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గ్రీస్ 1858లో డయజో సమ్మేళనాలను వెలుగులోకి తెచ్చారు. నేడు బట్టల రంగుల్లో పెద్ద వాటా అజో రంగులదే.

కారంలోకీ వచ్చింది!

పై ప్రయోగంలో వచ్చే రంగు పేరే 'సూడాన్-1'. నూనెలు, మైనం, పాలిష్‌లకు వేసేది. తినేది కాదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో ఇది ఉన్నట్టు ఫ్రాన్స్‌లో బయటపడింది. 2005లో బ్రిటన్‌లో వందలాది ఆహార పదార్థాలను షాపుల నుంచి వెనక్కి తెప్పించారు. ఊరి నుంచి కారం తెచ్చుకునే మనం, లూజు పొడి కొనేకన్నా మిరపకాయలు మర పట్టించి తెచ్చుకోవడం మేలు.

డ్రమ్ములో ఉన్నది వేరు

అన్ని అజోలూ రంగులు కావు. 'ఏఐబీఎన్' అనే తెల్లటి పొడి ఉంది. ఎసిటోన్ సయనోహైడ్రిన్, హైడ్రజీన్‌ల నుంచి తయారుచేస్తారు. వేడి తగిలితే నైట్రోజన్‌ను వదిలేసి రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు చురుగ్గా చిన్న అణువులను గొలుసులా కట్టేస్తాయి. అక్రిలిక్ ప్లాస్టిక్కుల తయారీలో, సేంద్రియ రసాయన ల్యాబుల్లో దీన్ని వాడేది అందుకే. ద్రావణంలో 65 డిగ్రీల దగ్గర సుమారు 10 గంటల్లో సగం విరిగిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. రవాణా నిబంధనల ప్రకారం ఏఐబీఎన్ 40 డిగ్రీలు దాటకూడదు. 45కి చేరితే అత్యవసర పరిస్థితి కిందే లెక్క. సౌదీ ఎండాకాలంలో నీడలోనే 45 దాటే రోజులుంటాయి. ఇక ఎండలో నిలిపిన కంటెయినర్ లోపల ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒకసారి విరగడం మొదలైతే అందులోంచి పుట్టే వేడే మిగతా పొడినీ విరగ్గొడుతుంది. మంటలు లేవొచ్చు, విషపు ఆవిర్లు రావొచ్చు.

మనమేం చేయాలి?

* డ్రమ్ముపై మంట గుర్తు, 'యూఎన్ 3234' అంకె ఉన్నాయేమో చూడండి. ఉంటే ఎండలో దించొద్దు. చల్లటి గోదాముకే చేర్చాలి.

* ఆ సరుకు 'ఎంఎస్‌డీఎస్' కాగితం చూపించమని సూపర్‌వైజర్‌ను అడగండి. ఇంగ్లిషు, అరబిక్ రాకపోతే తెలిసిన తోటివాళ్లతో చదివించుకోండి.

* డ్రమ్ము ఉబ్బినా, వేడిగా తగిలినా, పొగ వచ్చినా ముట్టుకోవద్దు. దూరంగా వెళ్లి అందరినీ హెచ్చరించండి. సివిల్ డిఫెన్స్ నంబరు 998.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించరాదని సౌదీలో నిబంధన ఉంది. నీడ మనకే కాదు, ఇలాంటి డ్రమ్ముకూ కావాలి. తెలియనిది అడిగితే పోయేదేం లేదు.. అడక్కుండా ఎత్తితేనే ముప్పు.