కవచ కుండలాలు – ఉక్కు నగరం
(జంషెడ్‌పూర్ గగనతల రక్షణ చెప్పే పాఠం)

మహాభారతంలో కర్ణుడు కవచ కుండలాలను పోగొట్టుకొన్నది రణరంగంలో కాదు. యుద్ధం ఆరంభం కాకముందే, బ్రాహ్మణ వేషంలో వచ్చిన ఇంద్రుడు అడిగినదే తడవుగా ఒంటి నుండి కోసి ఇచ్చాడు. పుట్టుకతో వచ్చిన రక్షణ సైతం మాటల మధ్య చేజారిపోగలదని మన పూర్వులు ఏనాడో గ్రహించారు. క్షిపణి రక్షణ కవచాలను గూర్చి, వాటి చుట్టూ అగ్రరాజ్యాలు నడిపే రాయబారాలను గూర్చి నేడు పత్రికలలో చదివేటప్పుడు ఈ కథ గుర్తుకు రాక మానదు.

ఒక పారిశ్రామిక నగరానికి గగనతల రక్షణ అంటే ఫిరంగులు, రాడార్లు, క్షిపణులు మాత్రమేనా? మనవంటి ఉక్కు కార్మికులకు, ఇంజనీర్లకు అత్యంత సన్నిహితమైన ఒక నగరం ఈ ప్రశ్నను 80 ఏళ్ళ క్రితమే ఎదుర్కొన్నది. ఆ నగరం జంషెడ్‌పూర్.

తూర్పున కమ్మిన మబ్బులు

1907లో స్థాపితమైన టాటా సంస్థ 1912 ఫిబ్రవరిలో సాక్చి వద్ద తొలి ఉక్కును తీసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా వంటి రంగాలకు రైలు పట్టాలను అందించినందుకు గుర్తింపుగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి ఆ కర్మాగారం సంవత్సరానికి దాదాపు పది లక్షల టన్నుల ఉక్కును ఉత్పత్తి చేయగల స్థితికి చేరింది. దేశంలో తయారయ్యే ఉక్కులో అధిక భాగం అక్కడిదే. కెనడా నుండి వచ్చిన ఫోర్డ్ చాసిస్‌లపై అక్కడి కవచపు పలకలను బిగించి తయారుచేసిన సైనిక వాహనాలకు ‘టాటానగర్’ అనే పేరే స్థిరపడిపోయింది. 1943లో ప్రారంభమైన హౌరా వంతెనకు వాడిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు జంషెడ్‌పూర్‌దే.

అంతటి కర్మాగారం శత్రువు దృష్టిలో పడకుండా ఉంటుందా? 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్ దీవులు జపాన్ వశమయ్యాయి. ఏప్రిల్ 5న కొలంబోపైన, మరునాడు విశాఖపట్నం, కాకినాడలపైన జపాను విమానాలు బాంబులు వేశాయి. నాటి విశాఖ, గంజాం జిల్లాల నుండి పనికై వెళ్ళిన తెలుగు కుటుంబాలు అప్పటికే జంషెడ్‌పూర్‌లో స్థిరపడి ఉన్నాయి. కన్నవారు ఉన్న తీరంపై బాంబులు పడ్డాయి. తాము ఉన్న చోటేమో శత్రువు కోరుకొనే లక్ష్యం. ఇటువంటి సంకటం ఆ కుటుంబాలది.

ఆర్పలేని దీపం

విమాన దాడి భయం ఉన్న ఊరిలో మొదటి ఆజ్ఞ దీపాలు ఆర్పమని. ఇంటి దీపం ఆర్పవచ్చు, వీధి దీపానికి ముసుగు తొడగవచ్చు. కాని బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఎవరు ఆర్పగలరు? కరిగిన స్లాగ్‌ను పారబోసినప్పుడు ఆకాశం ఎంత దూరం ఎర్రబారుతుందో మనకు తెలియనిది కాదు. కోక్ ఓవెన్ల సంగతి మరింత సున్నితమైనది. వాటిని ఒక్కసారిగా చల్లబరిస్తే లోపలి సిలికా ఇటుకలు బీటలు వారి మొత్తం బ్యాటరీయే పాడవుతుంది. కనుక సైరన్ మ్రోగినప్పుడు ఊరంతా కందకాలలోకి పరుగెత్తినా, కొలిమి దగ్గర కొందరు నిలబడి తీరవలసినదే. ఉక్కు నగరపు రక్షణలో ఇది విస్మరింపరాని సత్యం.

ఇక ఫిరంగి లెక్క చూద్దాం. నాటి విమాన విధ్వంసక ఫిరంగి గుండు ఆరు కిలోమీటర్ల ఎత్తుకు చేరడానికి పది పదిహేను సెకన్లు పట్టేది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే బాంబర్ ఆ లోపల కిలోమీటరు దూరం కదలిపోతుంది. అంటే గురి చూడవలసినది విమానం ఉన్నచోటికి కాదు, అది ఉండబోయే చోటికి. అందుకు ముందస్తు సమాచారం కావాలి. 1942 మే నెలలో జపాన్ వశమైన అక్యాబ్ నుండి జంషెడ్‌పూర్‌కు నేరుగా సుమారు 750 కిలోమీటర్లు. బాంబర్‌కు రెండున్నర గంటల ప్రయాణం. బెంగాల్‌లోని రాడార్ కేంద్రాలు, పరిశీలకుల చౌకీలు సకాలంలో కబురు అందించగలిగితే ఆ వ్యవధి సరిపోతుంది; లేకపోతే ఫిరంగులు ఉండి కూడా ప్రయోజనం లేదు.

కాని ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వినట్లు, ఏర్పాట్లన్నీ ప్రమాదం ముంగిట నిలిచిన తరువాతనే సాగాయి. 1942 డిసెంబరు 20 రాత్రి కలకత్తాపై తొలి బాంబులు పడ్డాయి. చీకటిలో శత్రువును పసిగట్టగల రాడార్ అమర్చిన బ్యూఫైటర్ విమానాలు అక్కడికి చేరినది 1943 జనవరిలో. ఆ నెల 15వ తేదీ రాత్రి వాటిలో ఒకే ఒక్క విమానం మూడు జపాను బాంబర్లను కూల్చివేసింది. సరియైన సాధనం సరియైన చోట ఉంటే ఫలితం ఎట్లా ఉంటుందో చెప్పడానికి ఈ ఒక్క రాత్రి చాలు. జంషెడ్‌పూర్‌పై మాత్రం యుద్ధకాలమంతటిలో బాంబు పడలేదు.

ఢిల్లీలో రాయబారం

ఆకాశంలో ప్రమాదం పొంచి ఉన్న ఆ నెలలలోనే ఢిల్లీలో మరొక నాటకం నడిచింది. 1942 ఫిబ్రవరిలో చైనా అధినేత చాంగ్ కై షేక్ భారతదేశానికి వచ్చాడు. కలకత్తాలో గాంధీజీని కలిశాడు. భారతీయులకు అధికారం ఇస్తే తప్ప వారు మనస్ఫూర్తిగా యుద్ధంలో నిలబడరని ఆయన అభిప్రాయం. మార్చిలో బ్రిటన్ తరఫున సర్ స్టాఫర్డ్ క్రిప్స్ వచ్చాడు. ఏప్రిల్ 3న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వ్యక్తిగత ప్రతినిధిగా లూయీ జాన్సన్ ఢిల్లీ చేరాడు. భారతదేశపు కర్మాగారాల శక్తిని పరిశీలించడానికి హెన్రీ గ్రేడీ నాయకత్వాన ఒక సాంకేతిక బృందాన్ని కూడా అమెరికా పంపింది.

చర్చలు ఎక్కడ చిక్కుపడ్డాయి? సరిగ్గా రక్షణ శాఖ దగ్గరనే. యుద్ధకాలంలో దేశ రక్షణలో భారతీయ మంత్రికి ఎంత అధికారం, బ్రిటిష్ సర్వసేనానికి ఎంత అధికారం అన్న విషయంపై సూత్రాల వెంట సూత్రాలు తయారయ్యాయి. జాన్సన్ మధ్యవర్తిత్వం నెరపినా ఫలితం లేకపోయింది. క్రిప్స్ ప్రయాణాన్ని ఆపి మరొక ప్రయత్నం చేయమని ఏప్రిల్ 11న రూజ్‌వెల్ట్ చర్చిల్‌కు సందేశం పంపాడు. చర్చిల్ వినలేదు. క్రిప్స్ మరునాడే వెళ్ళిపోయాడు. గ్రేడీ బృందం సమర్పించిన సిఫార్సులు సైతం యంత్రసామగ్రి, నౌకల కొరత మధ్య అధికభాగం కాగితాలకే పరిమితమయ్యాయి.

దీని ఫలితం జంషెడ్‌పూర్‌లో కనిపించింది. ఆగస్టు 8న బొంబాయిలో ‘క్విట్ ఇండియా’ తీర్మానం జరిగింది, నాయకులు అరెస్టయ్యారు. జంషెడ్‌పూర్‌లో రామానంద్ తివారీ వంటి పోలీసు సిబ్బందే తిరుగుబాటు చేశారు. ఆగస్టు 20న ఉక్కు కార్మికులు సమ్మె ప్రారంభించారు. వారు కోరినది జీతం కాదు, బోనసు కాదు. జాతీయ ప్రభుత్వం ఏర్పడేవరకు పనిలోకి రామన్నారు. పర్యవేక్షక సిబ్బంది కూడా వారితో కలిశారు. దాదాపు రెండు వారాలు ఆ మహా కర్మాగారం స్తంభించింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. ఆకాశం నుండి ఒక్క బాంబు పడలేదు. కాని శత్రు విమానాలు చేయలేని పని ఒక విఫల రాయబారం చేసింది. కవచంలోని పగులు ఆకాశంలో లేదు; కొలిమి దగ్గర నిలబడవలసిన మనిషి మనసులో ఉన్నది. తనదని చెప్పుకొనడానికి వీలులేని దేశాన్ని కాపాడమని కార్మికుని ఎంతవరకు కోరగలం?

చాకులియా నుండి యవాటా వరకు

కథ అంతటితో ముగియలేదు. చైనాను యుద్ధంలో నిలిపి ఉంచాలనే రాజకీయ అవసరం రూజ్‌వెల్ట్‌కు ఉన్నది. 1943 నవంబరులో ఆయన చర్చిల్‌కు, చాంగ్‌కు ఒక పథకం తెలియజేశాడు: భారతదేశంలో స్థావరాలు ఏర్పరచి, చైనాలోని చెంగ్డూ మీదుగా బి-29 భారీ బాంబర్లతో జపాన్‌పై దాడి చేయడం. ఆ ప్రకారం ఖరగ్‌పూర్ పరిసరాలలో విమానాశ్రయాలు సిద్ధమయ్యాయి. వాటిలో ఒకటి జంషెడ్‌పూర్‌కు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, అదే సింగ్‌భూమ్ జిల్లాలో ఉన్న చాకులియా. 1944 ఏప్రిల్‌లో అమెరికా 40వ బాంబర్ గ్రూపు అక్కడ దిగింది.

అదే సంవత్సరం జూన్ 15 రాత్రి ఆ దళాలు జపాన్‌లో ఎంచుకొన్న లక్ష్యం యవాటా. అది కూడా ఒక ఉక్కు నగరమే. జపాన్ ప్రభుత్వం నెలకొల్పగా 1901లో ఉత్పత్తి ప్రారంభించిన కర్మాగారం అది. 47 విమానాలు యవాటాపై బాంబులు వేసినా కర్మాగారానికి కలిగిన నష్టం స్వల్పమే. అక్కడ కూడా సైరన్ మ్రోగి ఉంటుంది. అక్కడి కోక్ ఓవెన్లను కూడా ఎవరో కనిపెట్టుకొని ఉండే ఉంటారు. 1945 ఆగస్టు 8న యవాటా అగ్నిబాంబులకు ఆహుతి అయింది. మరునాడు అణుబాంబుతో పొరుగునే ఉన్న కొకురాపైకి వచ్చిన విమానానికి పొగ, మబ్బు కమ్మి లక్ష్యం కనిపించలేదు. అది నాగసాకి వైపు మళ్ళింది. ఒక ఊరికి గొడుగైన పొగ మరొక ఊరికి మృత్యువైంది.

నేటి కవచం

బాంబర్ స్థానాన్ని ఇప్పుడు క్షిపణి ఆక్రమించింది. పైన చెప్పిన 750 కిలోమీటర్లనే లెక్కకు తీసుకొందాం. బాంబర్‌కు రెండున్నర గంటలు పట్టిన దూరాన్ని బాలిస్టిక్ క్షిపణి ఏడెనిమిది నిమిషాలలో దాటుతుంది. దానిని పసిగట్టడం, మార్గాన్ని గణించడం, ఎదురు క్షిపణిని ప్రయోగించడం, ఢీకొనడం అన్నీ ఆ లోపలే పూర్తి కావాలి.

ఈ విద్యలో మన తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉన్నది. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వాన ప్రారంభమైన క్షిపణి కార్యక్రమానికి కేంద్రం హైదరాబాదు. అక్కడ రూపొందిన ‘ఆకాశ్’ను ప్రభుత్వ రంగ సంస్థయైన భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్నది. క్షిపణుల తయారీకి కావలసిన ప్రత్యేక లోహాలను మరొక ప్రభుత్వ రంగ సంస్థ మిధాని అందిస్తున్నది. 2006 నవంబరు 27న ఒడిశా తీరాన దాదాపు 50 కిలోమీటర్ల ఎత్తున, 2007 డిసెంబరు 6న సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున ఎదురు క్షిపణులు లక్ష్యాలను ఛేదించాయి. రెండంచెల కవచానికి అవే తొలి మెట్లు.

అయినా రాయబారం అవసరం తీరిపోలేదు. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ తమ కవచాలను తామే పరిమితం చేసుకొంటూ ఒప్పందం కుదుర్చుకొన్నాయి. ఒకరి కవచం బలపడితే ఎదుటివారు మరిన్ని బాణాలు సిద్ధం చేస్తారన్న భయమే దానికి మూలం. 2002లో అమెరికా ఆ ఒప్పందం నుండి వైదొలగింది. 2018 అక్టోబరులో ఎస్-400 వ్యవస్థల కొరకు మనం రష్యాతో ఒప్పందం చేసుకొన్నప్పుడు అమెరికా ఆంక్షల హెచ్చరిక ఎదురైంది. 2021 చివర సరఫరా ఆరంభమైంది. మరుసటి ఫిబ్రవరిలో యుక్రెయిన్‌పై యుద్ధం మొదలై మిగిలిన వాటి రాక ఆలస్యమైంది. అరువు గొడుగు వర్షం వచ్చిన వేళకే చేతికి అందుతుందన్న భరోసా లేదు.

అయితే 1942కు, నేటికి ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఎవరితో మాట్లాడాలో, ఏది కొనాలో, ఏది స్వయంగా తయారుచేసుకోవాలో ఇప్పుడు నిర్ణయించేది మనమే. రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నపై ఆనాడు విరిగిపోయిన చర్చకు 1947లో సమాధానం దొరికింది.

2025 మే 7న దేశవ్యాప్తంగా పౌర రక్షణ విన్యాసాలు జరిపినప్పుడు ఎంపికైన ప్రాంతాల జాబితాలో విశాఖపట్నం, జంషెడ్‌పూర్ రెండూ ఉన్నాయి. ఇటువంటి విన్యాసాలను కొందరు కాలక్షేపంగా భావిస్తారు. అది పొరపాటు. సైరన్ మ్రోగిన తరువాత ఏ ఫర్నేస్ దగ్గర ఎవరు ఉండాలి, ఏ గ్యాస్ వాల్వును ఎవరు మూయాలి, క్వార్టర్లలోని పిల్లలను, వృద్ధులను ఎవరు ఎక్కడికి చేర్చాలి అన్నవి ఏ క్షిపణీ మన బదులు తేల్చిపెట్టదు. ప్రతి విభాగంలోను, ప్రతి ఇంటిలోను ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ముందుగానే సిద్ధంగా ఉండాలి.