ఆరోగ్యశ్రీ ఫలించినదా?

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దల మాట. ఆ భాగ్యము చేజారిననాడు దానిని తిరిగి తెచ్చుకొనుటకు ఎంత ధనము కావలెనో మన చిత్తూరు, తిరుపతి ప్రాంతముల రైతుకూలీకి, దర్జీకి, ఆటో నడుపుకొనువానికి బాగుగా తెలియును.

మన కళాశాలలో జరిగిన వక్తృత్వ పోటీలో “ప్రభుత్వ ఆరోగ్య బీమా పేదలకు మేలు చేయుచున్నదా?” అనునది విషయముగా ఇచ్చినారు. అనుకూల పక్షమువారు గుండె ఆపరేషన్లను ఏకరువు పెట్టినారు. ప్రతికూల పక్షమువారు ఆసుపత్రుల బకాయిలను ఏకరువు పెట్టినారు. చప్పట్లు ఇరువైపుల సమానముగానే మ్రోగినవి. కాని ఈ పథకము ఏ విధముగా నడుచునో, డబ్బు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోవునో ఏ పక్షమును చెప్పలేదు. న్యాయనిర్ణేతలలో ఒకడనైన నాకు ఆ లోటు తీర్చవలెనని అనిపించినది.

2007కు పూర్వము పేదవానికి పెద్ద ఆపరేషన్ అవసరమైనచో ఉన్న దారులు బహు కొద్ది. అప్పు చేయవలెను, లేదా శాసనసభ్యుని సిఫారసు లేఖ పట్టుకొని ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొనవలెను. ఆ అర్జీలు పెరిగిపోయిన పిమ్మట, స్వయముగా వైద్యుడైన నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము 2007 ఏప్రిల్ 1న అనంతపురము, మహబూబ్‌నగర్, శ్రీకాకుళము జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీని ప్రారంభించినది. అదే సంవత్సరము డిసెంబరులో రెండవ విడతగా అది మన చిత్తూరు జిల్లాకు వచ్చినది. 2008లో రాష్ట్రమంతటికిని విస్తరించినది. తెల్లకార్డు గల కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైనచో మరి యాభై వేల వరకు వైద్యము ఉచితము. సిఫారసు లేఖ స్థానమును కార్డు ఆక్రమించినది. నా దృష్టిలో ఈ పథకము సాధించిన మొదటి ఘనత ఇదియే.

ఇక నడక. రోగి నెట్‌వర్కు ఆసుపత్రికి వచ్చును. అక్కడి ఆరోగ్యమిత్ర కార్డు చూచి వివరములు నమోదు చేయును. ఆసుపత్రివారు పరీక్షల ఫలితములను పంపి ముందస్తు అనుమతి కోరుదురు. అనుమతి లభించిన తరువాత ఆపరేషన్. ప్రతి చికిత్సకును ముందుగా నిర్ణయించిన ఒక ధర ఉండును. దానినే ప్యాకేజీ అందురు. రోగి చెల్లించవలసినది ఏమియు లేదు. ఆసుపత్రి పంపిన బిల్లును పథకమువారు చెల్లింతురు.

చెల్లించువారెవరు అను ప్రశ్నలోనే అసలు చిక్కు ఉన్నది. మొదట ప్రభుత్వము ఒక ప్రైవేటు బీమా సంస్థకు కుటుంబమునకింత అని ప్రీమియము కట్టినది. బిల్లులు ఆ సంస్థ చెల్లించినది. పిదప ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టే నేరుగా చెల్లించు పద్ధతి వచ్చి, క్రమముగా పథకమంతయు ట్రస్టు చేతికి మారినది. బీమా సంస్థకు ప్రతి బిల్లును ఖర్చే కనుక తిరస్కరించుటకు కారణములు వెదకును. అయితే ప్రీమియము అందినంతకాలము చెల్లింపు మాత్రము ఖజానా కోసము ఆగదు. ట్రస్టుకు లాభాపేక్ష లేదు. కాని ఖజానా ఖాళీ అయినచో దాని చేతులును ఖాళీయే. 2024లోను, 2025లోను బకాయిల కారణముగా ప్రైవేటు నెట్‌వర్కు ఆసుపత్రులు ఈ పథకము క్రింద సేవలను కొన్ని దినములు నిలిపివేసినవి. అట్టి దినమున కార్డు చేతపట్టుకొని ఆసుపత్రి గుమ్మములో నిలిచినవానికి బీమా మేలా, ట్రస్టు మేలా అను చర్చ వినుటకు ఓపిక ఉండునా?

మన ప్రాంతమునకు ఒక అదృష్టమున్నది. తిరుపతిలో 1960లో వెలసిన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, దాని అనుబంధమైన రుయా ఆసుపత్రి, 1980ల నుండి ఎముకల చికిత్సకు పేరుగాంచిన బర్డ్, 1993లో సేవలారంభించిన స్విమ్స్ అన్నియు ఈ పథకము కంటె ముందే ఉన్నవి. ప్రభుత్వ ఆసుపత్రులు చేసిన చికిత్సకు కూడ పథకము ప్యాకేజీ చెల్లించును. అందువలన ఆ సొమ్ములో కొంత ప్రజల ఆసుపత్రికే తిరిగి వచ్చు వీలున్నది. ఇట్టి సంస్థలు దగ్గర లేని జిల్లాలలో ప్రైవేటు ఆసుపత్రియే ఆధారమై, సొమ్ము ఎక్కువగా అటే ప్రవహించినదని విమర్శకులు మొదటినుండి చెప్పుచున్నారు. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు అవసరము లేకున్నను జరుగుచున్నవను ఆరోపణలు చెలరేగగా, అట్టి చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితము చేయవలసి వచ్చినది. ధర కట్టిన ప్రతి ఆపరేషనును ఎవరో ఒకరికి ఆదాయమగునని ఆ ఉదంతము తెలిపినది.

మరి రోగి జేబు మాట? మొదటి విడత జిల్లాలపై జరిగిన ఒక పరిశోధన 2012లో వెలువడినది. ఆసుపత్రిలో చేరినవారి సొంత ఖర్చు తగ్గినదని అందు తేలినది. కావున “పథకము వ్యర్థము” అన్న వక్త మాట నిలువదు. కాని నా విద్యార్థి ఒకడు చెప్పిన మాటను కూడ ఇచ్చట వ్రాయవలెను. అతని తండ్రి చిత్తూరులో దర్జీ పని చేయును. గుండెనొప్పి రాగా మొదట దగ్గరలోని ఒక నర్సింగుహోముకు తీసికొనిపోయినారు. అది నెట్‌వర్కులో లేదు. అక్కడ పరీక్షలకును, మూడు దినముల పడకకును సొమ్ము కట్టి, తరువాత తిరుపతికి చేరి ఈ పథకము క్రింద ఆపరేషన్ చేయించుకొన్నారు. “సార్, ఆపరేషన్‌కు ఒక్క పైసా కాలేదు. కాని ఆపరేషన్‌కు ముందు, తరువాత అమ్మీ గాజులు కుదువకు పోయినవి” అన్నాడు. ముందు అనగా పరీక్షలు. తరువాత అనగా దినదినము మ్రింగవలసిన మాత్రలు, బస్సు ఖర్చులు, కుట్టుమిషను ఆగిన నెలలు.

ఈ రెండు సాక్ష్యములును నిజమే. పథకము ఆసుపత్రి పడకను కాపాడినది. పడకకు ఇటునటు ఉన్న రోగమును చాలవరకు వదలివేసినది. ఇంటికి పంపునప్పుడు పది దినముల మందులు, కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు అనుచర వైద్యము ఏర్పాటైనవి. కోలుకొను కాలములో దినమునకు రూ. 225 చొప్పున, నెలకు గరిష్ఠముగా రూ. 5,000 ఇచ్చు ఆసరా 2019లో ప్రకటింపబడినది. అవి మంచి ఆలోచనలే. కాని మన దేశమున కుటుంబములు వైద్యమునకు తమ జేబునుండి పెట్టు ఖర్చులో పెద్ద భాగము మందులకును, పడకలో చేరని వైద్యమునకును పోవుచున్నది. రక్తపోటు, మధుమేహము ఏళ్ల తరబడి గమనింపబడక గుండె, మూత్రపిండముల దాక వచ్చిన తరువాతనే ప్యాకేజీ మేల్కొనును.

ఇది మన రాష్ట్రమునకే పుట్టిన సందిగ్ధము కాదు. జర్మనీ 1883లో కార్మికులకు రోగ బీమాను చట్టము చేసినది. బ్రిటన్ 1948లో బీమా మార్గమును కాదని పన్నుల సొమ్ముతో జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పినది. మన దేశములో 1946నాటి భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రము పునాదిగా వైద్యము పల్లెకు చేరవలెనని కోరినది. ఆ పునాది బలపడక ముందే పై అంతస్తు కట్టుట ఆరోగ్యశ్రీ అని నా అభిప్రాయము. అంతస్తు చెడ్డది కాదు, మెట్లు లేవు.

ఆ అంతస్తు మాత్రము పెరుగుచునే ఉన్నది. 2014 తరువాత ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారి పరిమితి రెండున్నర లక్షలైనది. 2019లో పాత పేరు తిరిగి వచ్చి, ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయము గలవారును చేరినారు. 2023 డిసెంబరులో పరిమితి ఇరువదియైదు లక్షలైనది, చికిత్సల సంఖ్య 3,257కు పెరిగినది. 2024లో మరల ఎన్టీఆర్ వైద్యసేవ. జనము నోట మాత్రము నేటికిని ఆరోగ్యశ్రీయే. పరిమితి పెంపు పత్రికలకు పెద్ద వార్త. కాని లక్ష రూపాయల ప్యాకేజీ గల ఆపరేషన్‌కు వచ్చినవానికి రెండున్నర లక్షలైనను, ఇరువదియైదు లక్షలైనను ఒకటే.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గము సార్వత్రిక ఆరోగ్య విధానమును ఆమోదించినది. రెండున్నర లక్షల వరకు బీమా సంస్థ, అంతకు మించినచో పేద కుటుంబములకు ఇరువదియైదు లక్షల వరకు ట్రస్టు చెల్లించునట్లు అందు సంకల్పించినారు. అనగా మొదటి మెట్టుపై 2007నాటి పద్ధతికే తిరిగి వచ్చుచున్నాము. ఇది ఫలించినదా లేదా అని రాబోవు సంవత్సరపు పోటీలో వాదింపబోవు విద్యార్థులు కొన్ని విషయములను తెలిసికొని వేదిక ఎక్కవలెనని నా కోరిక. తిరస్కరింపబడిన బిల్లులెన్ని? రోగి ఎవరితో మొర పెట్టుకొనవలెను? ఆసుపత్రికి సొమ్ము ఎన్ని దినములకు అందినది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపోటు మాత్రలు నెల పొడుగునా దొరకినవా?

ఆ దర్జీ మరల మిషను ముందు కూర్చున్నాడు. గాజులు ఇంకను కుదువలోనే ఉన్నవి.