తోటలో కోళ్లు వదిలే ముందు గట్టు అవతల ఏముందో చూడండి

మా కొత్తపల్లె తోటలో నాటుకోళ్లు విడిగా తిరగడం వీడియోలో చూస్తున్నారు కదా. ఇది చూసినవాళ్లు ఎవరైనా మొదట అడిగేది గద్ద గురించే. కానీ నా దగ్గర గద్ద ఎత్తుకుపోయిన కోళ్లు తక్కువ, విషానికి పోయినవే ఎక్కువ. అందుకే ముందు దాని గురించి చెప్తాను.

పోయిన ఖరీఫ్‌లో పక్క చేనాయన మొక్కజొన్న విత్తి, మిగిలిన గింజలు గట్టు మీద కుమ్మరించి పోయినాడు. విత్తనశుద్ధి చేసిన గింజలు, గులాబీ రంగు పూసి ఉంటాయి. సాయంత్రానికి మూడు పెట్టలు తూలుతూ మెడలు వాల్చేసినాయి, తెల్లారేసరికి లేవు. కోసి చూస్తే మెడ కింద తిత్తి నిండా ఆ రంగు గింజలే. కుక్కలు తినకుండా లోతుగా గుంత తీసి పూడ్చినాం. అందులో ఒకటి పిల్లలకోడి. దాని పిల్లల్ని మా జేజి గంప కింద పెట్టుకుని నూకలతో సాకింది.

మనం మందులు మానేసినాం, సరే. కోడికి గట్టు తెలియదు కదా! నేను పోయి ఆయన్ను అడిగినా: ‘‘అన్నా, మందు కొట్టే ముందురోజు ఒక్క మాట చెప్పు, నా కోళ్లు గూట్లోనే పెట్టుకుంటా.’’ ‘‘నీ కోళ్ల కోసం నా పంట ఆపుకోవాల్నా?’’ అన్నాడు. ‘‘ఆపొద్దన్నా, చెప్తే చాలు.’’ ఇప్పుడు ఫోన్ చేస్తాడు. ఆ వారమంతా కోళ్లను లోపలే పెట్టి మేత వేస్తాం. గుళికలు చల్లితే ఇంకా ఎక్కువ రోజులు. గట్టు వెంబడి పాత వల కట్టి, కింద తుమ్మకంప వేసినా. ఎలుకల మందు కలిపిన ఉండలు ఎవరు పెట్టినా విచారించుకోండి. తోటలో ఆముదం, ఉమ్మెత్త గింజలు రాలకుండా చూసుకోండి, అవీ విషమే.

ఇక గద్ద సంగతి. అది బట్టబయలు చూసి దిగుతుంది. తోటలో కంది సాళ్లు, అరటి, కరివేపాకు ఉంటే కోడి అరుపు వినగానే పిల్లలు వాటి కిందికి దూరతాయి. ఆరు వారాల దాకా పిల్లల్ని గంప కిందో వల కిందో ఉంచి, మనిషి దగ్గర ఉన్నప్పుడే వదలాలి. ముంగిస పగటిపూట, అడవిపిల్లి రాత్రిపూట, తెల్లవారుజామున వస్తాయి. నల్లమల దగ్గర ఊర్లవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గూడు నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తులో, అర అంగుళం కన్ను జాలీతో కట్టండి. పెద్ద కన్ను వలలో ముంగిస దూరుతుంది. మన నల్లరేగడి వానకు బంక అవుతుంది కాబట్టి గూటి కింద గరుసు పోయించండి.

కోళ్లు వదిలితే పురుగు మందే అక్కర్లేదంటారు కొందరు. నేను ఒప్పుకోను. నేల మీది పురుగును, చెదలను తింటాయి, నిజమే. బెండ కొనమీది పురుగు వాటికి అందదు. వానపామును వదలవు, ఆచ్ఛాదన మొత్తం చిమ్మేస్తాయి. మడిలో నారు బతికి, మొక్క మోకాలెత్తు అయ్యేదాకా కంచె వేయాల్సిందే. ఆకుకూరల మడిలోకి అసలు రానీయను, రెట్ట పడిన ఆకు కోసి అమ్మడం మంచిది కాదు. కొత్త కోళ్లను వారం రోజులు గూట్లోనే ఉంచి, తర్వాత సాయంత్రం నాలుగు దాటాక వదలండి. చీకటి పడితే అవే గూటికి వస్తాయి.

రకం విషయానికొస్తే, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల వనరాజా బరువెక్కే కోడి, గ్రామప్రియ గుడ్ల కోడి. బరువు కోడి కుక్క తరిమితే ఎగరలేదు. పొదిగేందుకు మాత్రం మన నాటుపెట్టే కావాలి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి మేత, నీళ్లు రేకు కింద పెడుతున్నా, కొంగలు, కాకులు మూతి పెట్టకుండా. పేలు పట్టకుండా బూడిద, పొడి మన్ను కలిపి ఒక గుంతలో పోసినా. మధ్యాహ్నమంతా అందులోనే పొర్లాడతాయి.

కొక్కెర తెగులు టీకా మటుకు నాటుకోళ్లకు ఎందుకులే అనుకోవద్దు. వారం వయసులో లసోటా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో, నాలుగు వారాలకు మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలకు ఆర్‌2బి సూది. సీసాలో వంద డోసులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి అది వృథా. మా వీధిలో ఏడెనిమిది ఇళ్లవాళ్లం ఒకే రోజు పెట్టుకుని, పశువైద్యశాల నుంచి ఐసు డబ్బాలో తెచ్చి, చల్లపూట వేయిస్తున్నాం. ఆ రోజు ఏ కోడినీ పొద్దున బయటికి వదలకండి, వదిలినారంటే సాయంత్రం దాకా వాటి వెంట పరుగే.