ఆట ఆడే పిల్లేనా? ఆట తయారుచేసే పిల్ల!

వీడియో గేమ్ అనగానే "చదువు చెడుతుంది" అంటాం. తయారీ సంగతి వేరు. అష్టాచెమ్మాలో ఎన్ని గవ్వలు పడితే ఎన్ని గడులు నడవాలో, కాయను ఎక్కడ చంపొచ్చో ఎవరో ఆలోచించి పెట్టినవే కదా! కంప్యూటర్ ఆటకూ ముందు కావలసింది ఆ నియమాలే. తర్వాతే ప్రోగ్రామ్, బొమ్మలు, సంగీతం.

జగిత్యాల దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి, సిరిసిల్లలో 2021 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఇలాంటిచోట ఆటల తయారీ క్లబ్బుకు పెద్ద ఖర్చుండదు. 2014లో అందరికీ అందుబాటులోకి వచ్చిన 'గోడో' సాఫ్ట్‌వేర్ ఉచితమే. నలుగురు కలిసి నెలలో పూర్తయ్యే చిన్న ఆటతో మొదలుపెడితే చాలు.

నాకు కనిపించే చిక్కల్లా వేళలతోనే. 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్, 48 గంటల్లో ఆట తయారుచేసే పద్ధతిని ప్రపంచమంతా పాకించింది. అది చూసి మన క్లబ్బులూ రాత్రిళ్లు కూర్చుంటే, హాస్టల్ గేటు మూసే వేళకు మధ్యలో లేచేది ఆడపిల్లే. కోరుట్ల నుంచి బస్సులో వచ్చిపోయే పిల్లకైతే సాయంత్రమూ కుదరదు. ఆమె మొదలుపెట్టిన పని ఇంకొకరు ముగిస్తే, పేరు వాళ్లకే పోతుంది.

అందుకే క్లబ్బు పగలే నడవాలి. ఎవరి పని వారి పేరున రాసిపెట్టాలి. అమ్మలూ, "ఈ ఆటలేందే?" అనేముందు "నువ్వేం తయారుచేశావో చూపించు" అనండి!