పుంగనూరు ఆవు ఊళ్లో కోర్గీ కుక్క

పొట్టి జీవాల మీద మోజు ఎలా ఉంటుందో పుంగనూరు వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మూడడుగులు మించని ఎత్తు, వెన్న శాతం ఎక్కువుండే పాలు ఉన్న పుంగనూరు ఆవు ఒకప్పుడు అంతరించిపోయే దశకు చేరింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుకొచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు దేశమంతా చూసింది. ఆ తర్వాత హైదరాబాదు, బెంగళూరు ఫామ్‌హౌసుల్లో దీని ధర లక్షల్లో పలికింది. కొన్నవాళ్లలో పాలు, పేడ, మేత సంగతి తెలిసినవాళ్లు ఎందరు, ఫొటో కోసం కొన్నవాళ్లు ఎందరు అన్నది వేరే విషయం.

ఇప్పుడు అదే వరస ఒక కుక్కకు వచ్చింది. ఫోన్‌లో రీల్సు చూసే పిల్లలున్న ఇంట్లో ఈ పేరు వినపడక తప్పదు: కోర్గీ. నక్క మొహం, నిక్కపొడుచుకున్న చెవులు, జానెడు కాళ్లు, వెనక నుంచి చూస్తే నవ్వు తెప్పించే నడక. మదనపల్లె నుంచి గానీ కుప్పం నుంచి గానీ బెంగళూరు రెండు మూడు గంటల దారి. అక్కడి పెంపకందారుల దగ్గర ఈ కుక్కపిల్ల దొరుకుతుంది. ధర లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. డబ్బు సమకూరడం కష్టం కాకపోవచ్చు. ఆ తర్వాత పన్నెండు, పదమూడేళ్లు దాన్ని సాకగలమా అన్నదే తేల్చుకోవాలి.

కోర్గీది బ్రిటన్ పశ్చిమాన ఉన్న వేల్స్ ప్రాంతం. పుట్టింది ముద్దు చేయించుకోవడానికి కాదు, పశువుల మంద తోలడానికి. మొండికేసిన ఆవు మడమ దగ్గర చిన్నగా కొరికి, అది కాలు విసిరేలోపు నేలకు కరుచుకుని తప్పించుకోవాలి. ఆ పనికి పొట్టి కాళ్లు అక్కరకొచ్చాయి. పెంబ్రోక్, కార్డిగన్ అని ఇందులో రెండు జాతులున్నాయి. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1934లో వీటిని వేరు జాతులుగా గుర్తించింది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది పెంబ్రోక్. భుజం దగ్గర అడుగుకు మించని ఎత్తు, పది నుంచి పదమూడు కిలోల బరువు. చూడ్డానికి బొమ్మలా ఉన్నా బుద్ధి మాత్రం పశువుల కాపరిది.

దీనికి పేరు తెచ్చింది రాణి ఎలిజబెత్. 1933లో ఆమె తండ్రి, అప్పటికింకా రాజు కాలేదు, డూకీ అనే కోర్గీని ఇంటికి తెచ్చాడు. 1944లో పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా సూసన్ వచ్చింది. ఆ వంశంలోంచే ఆమె ముప్పైకి పైగా కుక్కలను పెంచింది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఏమిటంటే, ఆ సూసనే 1954లో రాజభవనంలో గడియారాలకు తాళం తిప్పే ఉద్యోగిని కరిచింది. 1991లో కోర్గీలు తమలో తాము కొట్లాడుకుంటుంటే విడదీయబోయిన రాణి చేతికే మూడు కుట్లు పడ్డాయి. వాటిని చూసుకోవడానికి ప్రత్యేకంగా సిబ్బంది, పరిగెత్తడానికి ఎకరాల కొద్దీ తోటలు ఉన్న ఇంట్లో జరిగిన సంగతులివి.

అలాగని ఇది చెడ్డ కుక్క కాదు. తెలివైనది, ఇంటివాళ్లంటే ప్రాణం పెడుతుంది, చెప్పింది తొందరగా నేర్చుకుంటుంది. కాకపోతే అంత తెలివికి పని కావాలి. పని చూపకపోతే అదే కల్పించుకుంటుంది. వీధిలో పాలవాడు పోతే అరుపు, పక్కింటి గేటు చప్పుడైతే అరుపు. ఒంటికి మించిన గొంతు దానిది. గోడకు గోడ ఆనుకుని ఇళ్లుండే మదనపల్లె పాత వీధుల్లో ఇరుగుపొరుగు ఓపిక ముందే అంచనా వేసుకోవడం మేలు.

చిన్న పిల్లలున్న ఇళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. నాలుగేళ్ల పిల్లాడు కేకలేసుకుంటూ వరండాలో పరిగెత్తితే కోర్గీ కంటికి వాడు మంద నుంచి తప్పించుకున్న దూడ. వెంటపడి మడమ పట్టుకుంటుంది. గాయం చేయాలని కాదు, వెనక్కి మళ్లించాలని. పిల్లాడి తల్లికి ఆ తేడా పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు. చిన్నప్పటి నుంచే కాలి జోలికి వచ్చినప్పుడల్లా ఆట ఆపేసి, బంతి మీదికో బొమ్మ మీదికో దాని దృష్టి మళ్లిస్తే ఈ అలవాటు చాలామటుకు తగ్గుతుంది. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలైతే ఈ శిక్షణలో వాళ్లూ చేయి వేయగలరు. అంతకంటే చిన్నవాళ్లున్న ఇంట్లో పెద్దవాళ్ల కళ్లు ఎప్పుడూ ఆ ఇద్దరి మీదే ఉండాలి.

ఇక ఎండ. ఇక్కడ పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఊళ్లకు కాస్త కలిసొచ్చింది. మదనపల్లె, కుప్పం సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటాయి. మదనపల్లె గాలి మంచిదన్న పేరు వల్లే వందేళ్ల కిందట ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానటోరియం కట్టారు. విజయవాడలోనో నెల్లూరులోనో కోర్గీని పెంచడం కంటే ఇక్కడ నయం. డిసెంబరు, జనవరి నెలల్లో హార్సిలీ హిల్స్‌కు తీసుకెళ్తే అది పుట్టింటికి వచ్చినట్టే చిందులేస్తుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడా ఎండ దంచేస్తుంది. ఈ కుక్కకు రెండు పొరల బొచ్చు. కింద మెత్తటి నూగు, పైన బిరుసు వెంట్రుకలు. వేసవిలో పాపం ఉక్కపోస్తుందని గొరిగించేవాళ్లున్నారు, అది పొరపాటు. ఆ పొరలే చర్మాన్ని ఎండ నుంచి కాపాడతాయి, గొరిగితే మళ్లీ సరిగా రాకపోవచ్చు కూడా.

దానికి తోడు కాళ్లు పొట్టి కాబట్టి పొట్ట తారురోడ్డుకు కొద్ది అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. రోడ్డు సెగ మనకంటే దానికే ముందు తగులుతుంది. చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడాలి. మనం ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. వేసవిలో నడక తెల్లవారకముందో, పొద్దుగూకి రోడ్డు చల్లబడ్డాకో. విపరీతంగా రొప్పుతూ, చొంగ కార్చుతూ తూలిందంటే వడదెబ్బ కింద లెక్క. నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చూస్తూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఎండ సంగతి చాలామంది అడుగుతారు. ఇంట్లో నేల సంగతి ఎవరూ అడగరు. కుప్పం గ్రానైటుకు పెట్టింది పేరు. ‘కుప్పం గ్రీన్’ అనే పచ్చరాయి ఇక్కడిదే. ఈ చుట్టుపక్కల కొత్తగా కట్టిన ఇల్లయితే మొహం కనపడేంత నునుపుగా పాలిష్ చేసిన బండలో, టైల్సో ఉంటాయి. పొడుగు వీపు, పొట్టి కాళ్లు ఉన్న కుక్క ఆ నేల మీద గుమ్మం దాకా పరిగెత్తి మలుపు తిరిగితే వెనక కాళ్లు పక్కకు జారిపోతాయి. రోజుకు పదిసార్లు అలా జారితే భారమంతా వెన్ను మీదే పడుతుంది. కాళ్లు పొట్టి కావడానికి కారణమైన జన్యు మార్పుల్లోనే ఒకటి వెన్నుపూసల మధ్య డిస్కులను చిన్న వయసులోనే గట్టిపడేలా చేస్తుంది. డిస్కు జారి వెన్నుపామును నొక్కితే వెనక కాళ్లు పడిపోతాయి. అందుకే ఇది తిరిగే చోట గోనెపట్టాలో, రబ్బరు చాపలో పరచాలి. మిద్దె మెట్లకు చిన్న గేటు పెట్టాలి. సోఫా మీంచి దూకనివ్వకూడదు. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, ఇంకొకటి నడుము కింద ఉండాలి. రీల్సులో సోఫా మీంచి ఎగిరి దూకే కోర్గీకి లక్షల లైకులొస్తాయి, వెన్నుకు మాత్రం మంచిది కాదు.

వెన్ను మీద భారం పెంచేది ఇంకొకటుంది, వంటిల్లు. కోర్గీకి ఆకలి తీరిందన్న మాటే ఉండదు. అది తలెత్తి చూస్తే కరగని అవ్వ ఉండదు. "నోరులేని జీవం, ఒక్క ముద్దకేమైతాదిలే" అంటూ పెట్టే సంగటి ముద్ద మనిషికి ఒక పూట భోజనం. పన్నెండు కిలోల కుక్కకు అదెంత? పైగా కూరలో ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో ఎండుద్రాక్ష మూత్రపిండాలకు ముప్పు. పండగ పూట విస్తరాకు నాకించే అలవాటు మానుకోవాల్సిందే. బరువు సరిగా ఉందో లేదో చూడ్డానికి తూకం అక్కర్లేదు. పక్కలు తడిమితే పక్కటెముకలు వేళ్లకు తగలాలి, పై నుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడినట్టు కనపడాలి. బొద్దుగా గుండ్రంగా ఉందంటే ముద్దొస్తోందని కాదు, తిండి తగ్గించాలని.

బొచ్చు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, రాలుతుంది. ఏడాది పొడుగునా రాలుతుంది, రెండుసార్లు మరీ ఎక్కువ. వారానికి రెండు మూడు సార్లయినా దువ్వాలి, నల్ల చీరలు బీరువాలోనే దాచుకోవాలి. దువ్వేటప్పుడే చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు కుక్కల ప్రాణం తీస్తాయి, దట్టమైన బొచ్చులో అవి కళ్లపడవు. వీధి కుక్కలున్న ఊళ్లో రేబిస్ టీకా మూడో నెల నుంచి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు తప్పకుండా వేయించాలి. మామూలు జబ్బులకు ఊళ్లోని పశువుల ఆసుపత్రి ఉంది. వెన్ను, కంటి సమస్యల్లాంటివైతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, బెంగళూరుకో ప్రయాణం తప్పదు. ఆ ఖర్చు కుక్కపిల్ల ధరలో కలిసి ఉండదు.

ఫ్యాషన్ వెంట వచ్చిన కుక్క ఏమవుతుందో మనకు అనుభవమే. 2003లో హచ్ మొబైల్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా ఇళ్లలోకి వచ్చింది. నొక్కుకుపోయిన ముక్కుతో ఉక్కపోతలో ఊపిరాడక అది పడే అవస్థ ఆ తర్వాతే చాలామందికి అర్థమైంది. బ్రిటన్‌లో వ్యవహారం తిరగబడింది. అక్కడ 2014లో పెంబ్రోక్ కోర్గీ పిల్లల నమోదు 300 కంటే తగ్గి, అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరింది. రాణి జీవితం మీద ‘ది క్రౌన్’ సీరియల్ వచ్చాక మళ్లీ గిరాకీ పెరిగి 2018 నాటికి ఆ ముప్పు నుంచి బయటపడింది. ఒక సీరియలో, ఒక ప్రకటనో చాలు ఒక జాతి తలరాత మారడానికి.

ఈ ఊళ్లలో ఇంకో చిక్కుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి అపార్టుమెంటులోకి కోర్గీని తెస్తాడు. ఏడాది తిరిగేసరికి విదేశీ ప్రయాణమో, పుట్టబోయే బిడ్డో వచ్చిపడుతుంది. "అమ్మా, కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోండి" అని కుక్కను కుప్పంలో దింపి పోతాడు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఐదేళ్ల తల్లి రోజుకో గంట నడవాల్సిన జీవాన్ని ఎలా నడిపించగలదు? కొనేది కొడుకైనా చివరికి సాకాల్సింది ఎవరో ముందే మాట్లాడుకుని తేల్చుకోవాలి.

ఇవన్నీ లెక్క వేసి వద్దనుకున్నవాళ్లకు మన నేలలోనే దారులున్నాయి. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలు తోలిన జోనంగి మన ఆంధ్ర కుక్క. పొట్టి బొచ్చు, ఎండకు ఓర్చుకునే ఒళ్లు. అయితే దానికీ పరుగు కావాలి, చోటు కావాలి. ఇక ఏ వీధిలోనైనా పుట్టే నాటు కుక్కపిల్లకు టీకాలు వేయించి, తగిన వయసులో ఆపరేషన్ చేయించి పెంచుకుంటే ఈ వాతావరణానికి దానికంటే తగిన కుక్క లేదు.

కింది అంతస్తులో ఇల్లు, రోజంతా ఇంట్లో ఎవరో ఒకరు, ఎదిగిన పిల్లలు, పొద్దున్నే నడిచే అలవాటు ఉన్న కుటుంబానికి కోర్గీ బాగా నప్పుతుంది. మెట్లెక్కి పోవాల్సిన ఇల్లు, అందరూ ఉద్యోగాలకు పోయే కుటుంబం, పాకే బిడ్డ ఉన్నవాళ్లు ఇప్పటికి ఆగడమే మంచిది.

కొనాలనే నిశ్చయించుకుంటే ఫోటో చూసి ఆన్‌లైన్‌లో అడ్వాన్సు పంపకండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మీరే వెళ్లి తల్లి కుక్కను చూడండి, అది పిరికిగా దాక్కుంటోందా, చక్కగా దగ్గరికొస్తోందా గమనించండి. పెంబ్రోక్ కోర్గీల్లో ఎనిమిదేళ్లు దాటాక వెనక కాళ్లు మెల్లగా చచ్చుబడే వెన్నుపాము జబ్బు ఒకటి తరచుగా కనిపిస్తుంది, దానికి మందు లేదు. దాని ముప్పును ముందే పట్టే జన్యు పరీక్ష ఉంది. తల్లిదండ్రులు రెండింటి పరీక్ష కాగితాలు అడగండి. చూపించకుండా మాట దాటేస్తే, పిల్ల ఎంత ముద్దొచ్చినా సరే, ఖాళీ చేతులతోనే బస్సెక్కండి.