‘అనుమతించండి’: అంతర్జాల ప్రకటనలు - వినియోగదారుని సమ్మతి - తెలుగు వాక్యం

వ్యాససంగ్రహం:

సెల్‌ఫోనులో ప్రకటనల చొరబాటు గురించి నిత్యసంభాషణల్లో కొన్ని అభిప్రాయాలు తరచుగా వినిపిస్తుంటాయి. వాటిని పరిశీలిస్తే సమస్యకు మూలం ప్రకటనల సంఖ్యకన్నా వినియోగదారుడు ఇచ్చే సమ్మతిలోనే ఎక్కువగా ఉన్నదని తెలుస్తుంది. సమ్మతి వ్యక్తమయ్యేది భాషలో. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తెలుగులో సమ్మతి అడిగించుకునే హక్కును కల్పించింది. ఆ హక్కు సార్థకం కావాలంటే తెర మీది తెలుగు వాక్యం ఎలా ఉండాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాలం, ప్రకటనలు, సమ్మతి, డార్క్ ప్యాటర్న్స్, వ్యతిరేకార్థకం, కర్తృలోపం.

1. ఉపోద్ఘాతం:

ఒకప్పుడు ప్రకటనకు ఒక చోటు ఉండేది. గోడ మీద, పత్రికలో, రేడియోలో, సినిమా విరామంలో అది కనిపించేది, వినిపించేది. చూడడం, మానడం చూసేవారి ఇష్టం. సెల్‌ఫోనులో ఆ చోటు చెరిగిపోయింది. చదువుతున్న వార్తకు అడ్డంగా, పాటకు నడుమ, చెల్లింపు పూర్తికాకముందే ప్రకటన వచ్చి నిలుస్తుంది. దానిని తొలగించే గుర్తు వేలికొనకన్నా చిన్నదిగా ఉంటుంది.

1994 అక్టోబరులో అమెరికాకు చెందిన హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో బ్యానర్ ప్రకటనలు మొదలయ్యాయి. పుటను కప్పుతూ తెరుచుకునే పాపప్ ప్రకటనలు కూడా ఆ దశాబ్దంలోనే వచ్చాయి. వాటికి తొలినాళ్లలో కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో తాను చేసిన పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ప్రకటనలపై ఆధారపడిన అంతర్జాలం నిఘాపై ఆధారపడక తప్పదన్నది ఆయన వాదన. నేటి నిత్యసంభాషణల్లో వినిపించే విసుగుకు నేపథ్యం ఇదే.

2. లోకాభిప్రాయాలు - పరిశీలన:

2.1 “ఫోను మన మాటలు వింటోంది”:

ఇంట్లో గ్రైండరు గురించి మాట్లాడుకున్న మరునాడే గ్రైండరు ప్రకటన కనబడితే ఈ అనుమానం కలగడం సహజం. అయితే ప్రకటనల వ్యవస్థకు మాట వినవలసిన అవసరం అంతగా లేదు. స్మార్ట్‌ఫోనుకు సాధారణంగా ప్రకటనల కోసం ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏ యాప్ తెరిచారు, ఏం వెతికారు, ఎక్కడ ఉన్నారు అనే వివరాలు దానితో ముడిపడతాయి. పుట తెరుచుకునే లోపే, కనురెప్పపాటులో, ఆ వినియోగదారునికి ప్రకటన చూపే అవకాశం వేలానికి వెళ్తుంది. ఇంట్లో మరొకరు అదే వైఫై మీద గ్రైండరు ధర వెతికినా ఆ ప్రకటన అందరికీ కనిపించే వీలుంది. అనుమానం పూర్తిగా నిజం కాకపోయినా దాని వెనుక ఉన్న ఆందోళన నిజమైనదే.

2.2 “ఉచితంగా ఇస్తున్నప్పుడు ప్రకటనలు భరించాలి కదా”:

పత్రికలూ ప్రకటనల మీదే నడిచాయి. కాని పత్రికలోని ప్రకటనకు పాఠకుడెవరో తెలియదు. అంతర్జాల ప్రకటనకు తెలుసు. పైగా వీడియో ప్రకటన ఖర్చు చేసేది వినియోగదారుడు డబ్బు పెట్టి కొనుక్కున్న డేటానే. డబ్బు చెల్లించి కొన్న ఫోన్లలో, టీవీల్లో సైతం ప్రకటనలు కనిపిస్తున్నాయి. కాబట్టి ‘ఉచితం’ అనే మాట ఇక్కడ పూర్తి అర్థంలో చెల్లదు.

2.3 “దాచుకోవడానికి నా దగ్గర ఏముంది?”:

ఈ అభిప్రాయానికి తెలుగునేల మీదే చేదు సమాధానం దొరికింది. 2020 డిసెంబరులో తెలంగాణలో తక్షణ రుణ యాప్‌ల వేధింపులు, వాటి వల్ల జరిగిన ఆత్మహత్యలు వెలుగులోకి వచ్చాయి. రుణం కోసం యాప్ వేసుకున్నవారు ఫోనులోని పరిచయస్థుల నంబర్లు చూసేందుకు అనుమతి ఇచ్చారు. వాయిదా తప్పగానే బంధువులకు, స్నేహితులకు, సహోద్యోగులకు అవమానకరమైన సందేశాలు వెళ్లాయి. ఆ నంబర్లు రహస్యాలేమీ కావు. అయినా అవే పరువును తాకట్టు పెట్టించాయి. తరువాత రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రుణ యాప్‌లు ఫోనులోని పరిచయాల జాబితాను, ఫైళ్లను, కాల్ వివరాలను చూడరాదని నిర్దేశించింది.

2.4 “అంతా ఇంగ్లీషులో ఉంది, నొక్కేశాను”:

పై మూడు అభిప్రాయాల కన్నా ఇది ముఖ్యమైనది. ఇది అభిప్రాయం కన్నా ఒప్పుకోలుకు దగ్గరగా ఉంది. చదవని, చదివినా అర్థంకాని వాక్యం కింద పెట్టిన వేలిముద్ర వంటిది ఈ నొక్కు.

3. చట్టం కల్పించిన రక్షణ:

అవాంఛిత కాల్స్, సందేశాలు వద్దనుకునేవారు 1909 ద్వారా నమోదు చేసుకునే ఏర్పాటును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కల్పించింది. అయితే ఏదైనా సంస్థకు విడిగా సమ్మతి ఇచ్చి ఉంటే, నమోదు తరువాత కూడా దాని సందేశాలు రావచ్చు. ఎక్కడో ఒక ఫారంలో ఇచ్చిన చిన్న టిక్కు ఇక్కడ చెప్పిన ‘వద్దు’ను దాటిపోగలదన్నమాట.

వినియోగదారుని తప్పుదోవ పట్టించే తెర అమరికలకు హ్యారీ బ్రిగ్నల్ 2010లో ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాలు ఇటువంటి 13 పద్ధతులను పేర్కొని నిషేధించాయి. లేని తొందరను కల్పించడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చందా నుంచి బయటపడే దారి మూసివేయడం, ప్రకటనను వార్తగా భ్రమింపజేయడం, కాదన్నవారిని సిగ్గుపరచడం, తికమక ప్రశ్న వేయడం వీటిలో కొన్ని. చివరి రెండూ పూర్తిగా భాషకు సంబంధించినవి.

2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందిగ్ధత లేకుండా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం చెబుతుంది. సమ్మతి కోరే వాక్యం స్పష్టమైన, సరళమైన భాషలో ఉండాలి. దానిని ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనాగాని చదువుకునే వీలు కల్పించాలి. ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఒకటి.

4. తెలుగు వాక్యంలో సమ్మతి:

ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు లిపిలోకి మార్చినంత మాత్రాన ఈ హక్కు నెరవేరదు. తెలుగు వాక్యస్వభావాన్ని బట్టి నాలుగు అంశాలు గమనించదగినవి.

4.1 వ్యతిరేకార్థకం: ఇంగ్లీషులో నిషేధం క్రియకు ముందే తెలిసిపోతుంది. తెలుగులో అది క్రియ చివర చేరుతుంది. ‘అనుమతించండి’, ‘అనుమతించకండి’ అనే రెండు మీటల మధ్య తేడా ఒక్క ‘క’కారం. చిన్న తెర మీద మాట సగంలో తెగితే రెండూ ‘అనుమతించ...’గానే మిగులుతాయి. ‘సరే’, ‘వద్దు’ అనే జంటలో ఈ ప్రమాదం లేదు.

4.2 కర్తృలోపం: తెలుగులో కర్తను చెప్పకపోవడం సహజం. ‘మీ సమాచారాన్ని ఇతరులతో పంచుకోవచ్చు’ అనే వాక్యంలో పంచుకునేది ఎవరు? వినియోగదారునికి అది తనకిచ్చిన సౌకర్యంగా వినబడుతుంది. సంస్థ దృష్టిలో అది తాను తీసుకున్న అధికారం. పైగా ‘వచ్చు’ అనే రూపం అనుమతిని, అవకాశాన్ని రెండింటినీ సూచిస్తుంది. ‘మీ ఫోను నంబరును మేము ఇతర సంస్థలకు ఇస్తాం. ఇవ్వమంటారా?’ అంటే సందేహానికి తావుండదు.

4.3 మన - మా: ఇంగ్లీషులో లేని ఈ భేదం తెలుగుకు సహజం. ‘మన భద్రత కోసం’ అన్నప్పుడు సంస్థ, వినియోగదారుడు ఒకే పక్షాన ఉన్నట్లు ధ్వనిస్తుంది. సమాచారం తీసుకునేవారు, ఇచ్చేవారు వేరైన చోట ‘మేము’, ‘మీరు’ అనడమే నిజాయితీ.

4.4 ఉత్తమపురుష: ‘నేను అంగీకరిస్తున్నాను’ అనే వాక్యాన్ని రాసేది సంస్థ, పలికేది వినియోగదారుడు. ‘వద్దు, నాకు కుటుంబ రక్షణ అక్కరలేదు’ వంటి వాక్యం కాదనే హక్కును నిందగా మార్చి అతని నోటనే చెప్పిస్తుంది. తెలుగులో ‘అక్కరలేదు’ అనడంలో ఒక పొగరు ధ్వనిస్తుంది. కుటుంబాన్ని ప్రస్తావించినప్పుడు ఆ మాట అనడానికి మనసొప్పదు. ‘బీమా వద్దు’ అన్న రెండు మాటలు చాలు.

పదాల ఎంపికలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ‘మూడవ పక్షం’ అంటే సాధారణ పాఠకునికి పదిహేను రోజుల లెక్క గుర్తుకురావచ్చు. ‘కుకీలు’ అంటే తినే వస్తువు. ‘మీరు ఏం చూశారో గుర్తుంచుకునే చిన్న ఫైలు’ అని వివరిస్తే మాట పెరుగుతుంది, విషయం మాత్రం తేటపడుతుంది.

5. ముగింపు:

- ప్రకటనల గురించిన లోకాభిప్రాయాల్లో సాంకేతికంగా పొరపాట్లు ఉన్నా, తమకు తెలియకుండా తమ గురించి ఎవరో తెలుసుకుంటున్నారన్న గ్రహింపు సరైనదే.
- అవాంఛిత సందేశాల నిబంధనల్లోనూ, సమాచార రక్షణ చట్టంలోనూ రక్షణ అంతా సమ్మతి చుట్టూ అల్లుకొని ఉంది. సమ్మతి వాక్యం అర్థంకాని చోట ఆ రక్షణ నిలవదు.
- వ్యతిరేకార్థకాన్ని విడిమాటగా చూపడం, కర్తను తప్పక చెప్పడం, ‘మన’కు బదులు ‘మేము’, ‘మీరు’ వాడడం, కాదనే మాటను నిందలేకుండా రాయడం తెలుగు సమ్మతి వాక్యానికి కనీస లక్షణాలు.
- వ్యాకరణంలో కర్తృలోపం, వ్యతిరేక క్రియలు బోధించే తరగతిగదిలో ఫోను తెరమీది వాక్యాలు కూడా ఉదాహరణలు కాదగినవి. ఆ వాక్యాలను సేకరించి పరిశీలించే పని తెలుగు శాఖల పరిశోధకుల ముందున్నది. రుణ యాప్ తెరపై ఒక్క అనుమతి ఎంత ఖరీదైనదో తెలుగువారు ఇప్పటికే చూశారు.