నిమ్మపసుపు మార్లిన్

సినిమాతార మార్లిన్ మన్రో 1962 ఆగస్టులో మరణించింది. అదే ఏడాది నవంబరులో న్యూయార్కులోని స్టేబుల్ గ్యాలరీలో ఆండీ వార్హోల్ ఆమె ముఖచిత్రాలను ప్రదర్శించాడు. ఆ సంవత్సరమే వేసిన మార్లిన్‌లలో 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు గల చిన్నవి కొన్ని ఉన్నాయి. వెనక పూసిన రంగును బట్టి నిమ్మ, చెర్రీ అని వాటికి పేర్లు. మిఠాయి కొట్లో రుచుల పేర్లలాగా! నేను ‘లెమన్ మార్లిన్’ను అచ్చులోనే చూశాను. ఆ కొలతకు కాగితం కత్తిరించి గోడకు అంటించి చూస్తే క్యాలెండరు కన్నా పెద్దదేమీ కాదు.

ఆ కాగితాన్ని చూసి, మా పాఠశాలలో ఒక కుర్రాడు “ఫోటోకి రంగులేస్తే చిత్రమవుతుందా మాస్టారూ?” అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. ఆ ముఖానికి ఆధారం ‘నయాగరా’ చిత్రం (1953) కోసం స్టూడియో తీయించిన ప్రచార ఛాయాచిత్రం. వార్హోల్ దానిలో మెడ కింది భాగం కత్తిరించి, ముఖాన్ని సిల్క్ స్క్రీన్ మీదికి ఎక్కించాడు. మన ఊళ్ళలో శుభలేఖలు అచ్చువేసే పద్ధతి అదే. ముందుగా కాన్వాసు మీద జుట్టుకు పసుపు, ముఖానికి గులాబి, కనురెప్పలకు నీలం, పెదవులకు ఎరుపు చేత్తో పూశాడు. ఆపైన తెరగుండా నల్లసిరాను నొక్కి దించాడు. రంగూ గీతా అచ్చంగా కలవవు. పెదవి ఒకచోట, పెదవి రంగు మరొకచోట. ఆ ముఖం మనిషిది కాదు, మనిషి మీద అంటించిన లేబులు అని మనకు తెలిసేది ఆ తేడా వల్లనే.

వాల్టర్ బెంజమిన్ 1936లోనే దీని మూలం చెప్పాడు. యంత్రం ప్రతులు తీయగలిగిన కాలంలో కళాఖండానికి ఉండే అద్వితీయత పోతుందనీ, సినిమా పెట్టుబడి దాని స్థానంలో తార అనే ఆరాధనను కృత్రిమంగా నిలబెడుతుందనీ ఆయన వాదన. వార్హోల్‌కు ఈ వ్యాపారం బయటిది కాదు. పిట్స్‌బర్గులో వలస కార్మికుల ఇంట పుట్టి, చెప్పుల ప్రకటనలకు బొమ్మలు గీసి బతికినవాడు. కనుక సరుకు ఎలా తయారవుతుందో మనకు చూపించగలిగాడు. అయితే ఆ సరుకు వెనకున్న మనిషి ఏమైంది? రెండో ప్రపంచయుద్ధకాలంలో నార్మా జీన్ అనే ఆ అమ్మాయి కాలిఫోర్నియాలో యుద్ధసామగ్రి ఫ్యాక్టరీలో పనిచేసింది. పనిలో ఉన్న స్త్రీలను ఫోటో తీయడానికొచ్చిన సైనిక ఛాయాగ్రాహకుడి కంట పడింది. తార అయ్యాక స్టూడియో పెత్తనానికి ఎదురు తిరిగి సొంత నిర్మాణసంస్థ పెట్టుకుంది. వీటిలో ఏదీ నిమ్మపసుపులో కనబడదు.

కనబడనివ్వకపోవడమే విమర్శ అని కొందరు మిత్రులంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. 1962లో 250 డాలర్లకు కొన్న ఆ చిత్రం 2007 వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అద్వితీయతను వెక్కిరించిన బొమ్మకే మార్కెట్టు అద్వితీయత ముద్ర వేసింది.

అదే సంవత్సరం వేసిన ‘మార్లిన్ డిప్టిక్’ నాకు ఇంతకన్నా నిజాయితీగా తోస్తుంది. అందులో అదే ముఖం 50 సార్లు ఉంది: ఎడమ 25 రంగుల్లో, కుడి 25 నలుపు తెలుపుల్లో. కుడివైపు ఒక వరుసలో సిరా చిక్కబడి ముఖం మసిబారింది. అంచుకు పోయేకొద్దీ సిరా పలచబడి, చివరి వరుసలో ముఖం దాదాపు చెరిగిపోయింది.